"నువ్వసలు వినవు" అనిపించుకోకుండా కష్టమైన మాటలు వినడం ఎలా?

అడిగిన ప్రశ్న ఇది: "ఇంట్లో గానీ ఆఫీసులో గానీ ఎవరైనా నా మీద కోపంతోనో, బాధతోనో మాట్లాడుతుంటే విందామనే కూర్చుంటాను. రెండు నిమిషాలు తిరక్కుండా వాదనలో ఉంటాను. చివరికి 'నువ్వసలు వినవు' అంటారు. నేను వింటూనే ఉన్నాను, వాళ్ళన్న ప్రతి మాటా అప్పజెప్పగలను. మరి లోపం ఎక్కడ? ఇది నేర్చుకుంటే వచ్చేదేనా?"

వస్తుంది. "అప్పజెప్పగలను" అన్న మాటలోనే సగం జవాబు ఉంది. అప్పజెప్పడం జ్ఞాపకశక్తికి సంబంధించిన పని. ఎదుటివాళ్ళకు కావలసింది అది కాదు. తాము చెప్పింది మీ దగ్గరికి ఏ రూపంలో చేరిందో వాళ్ళకు కనబడాలి. మీ తలలో ఎంత అర్థమైనా అది బయటికి రాకపోతే వాళ్ళ లెక్కలో మీరు వినలేదు, అంతే. విన్నారా లేదా అన్నది తేల్చేది చెప్పినవాళ్ళే. ఈ ఒక్క సంగతి ఒప్పుకుంటే మిగతాదంతా సాధనతో వచ్చే పనే.

ముందు, వాదనలోకి ఎందుకు జారిపోతామో చూద్దాం. ఇందులో మీ దుర్బుద్ధి ఏమీ లేదు. తాన్యా స్టివర్స్ బృందం 2009లో పది భాషల్లో ప్రశ్నకూ జవాబుకూ మధ్య విరామాన్ని కొలిస్తే సగటున సుమారు 200 మిల్లీసెకన్లు వచ్చింది, అంటే సెకనులో ఐదో వంతు. ఒక్క మాట కూర్చుకుని నోట పలకడానికే మెదడుకు కనీసం 600 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ లెక్కన ఎదుటివాళ్ళు ఇంకా మాట్లాడుతుండగానే మన జవాబు తయారీ మొదలైపోయి ఉండాలి. మామూలు కబుర్లలో ఇది వరం. గొడవ మాటల్లో మాత్రం ఇదే కొంప ముంచుతుంది. అందులోనూ తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. "నువ్వు రాలేదని నాకు కోపం" దగ్గరే అందుకున్నవాళ్ళకు, తర్వాతి మాట "వచ్చింది" అవుతుందో "లేదు" అవుతుందో తెలియనే తెలియదు. తెలుగులో వాక్యం పూర్తయ్యేదాకా ఆగడం మర్యాదకోసమే కాదు, అర్థం తెలియడానికి కూడా.

రెండో కారణం వేగం. వినడం మీద ఏళ్ళ తరబడి పనిచేసిన రాల్ఫ్ నికోల్స్ 1957లోనే చెప్పిన సంగతి ఇది: మనుషులు నిమిషానికి 125 మాటల చొప్పున (ఇంగ్లీషు లెక్కలో) మాట్లాడతారు, ఆలోచన దానికి ఎన్నో రెట్లు వేగంగా పరుగెడుతుంది. మిగిలిన ఆ ఖాళీలో మనసు ఊరికే కూర్చోదు. "ఇలా అంటే అలా అంటాను" అని అల్లుకుంటూ పోతుంది. దాన్ని ఖాళీ చెయ్యమంటే చెయ్యదు, అందుకే "జవాబు ఆలోచించకండి" అనే సలహా ఎవరికీ పనిచెయ్యదు. దానికి ఇంకో పని అప్పగించాలి. ఆ పని మూడు విషయాలు వెతకడం: వీళ్ళ లెక్క ప్రకారం ఏం జరిగింది, దానివల్ల వీళ్ళకు ఎలా ఉంది, వీళ్ళు ఏం కోరుకుంటున్నారు. మూడోది తరచుగా పైకి చెప్పరు. వెతుకుతూ ఉంటే వాదన అల్లడానికి చోటు మిగలదు.

ఒక ఉదాహరణ పెట్టుకుందాం, చివరిదాకా దీన్నే వాడతాను. తమ్ముడు అక్కతో అంటున్నాడు: "అమ్మని చూసుకునేది నేనొక్కణ్ణే. నువ్వు ఫోన్ చేసి ఎలా ఉందని అడిగి పెట్టేస్తావు. ఆస్పత్రికి తీసుకెళ్ళేది నేను, రాత్రిళ్ళు లేచేది నేను. నీకు ఏనాడైనా పట్టిందా?"

మాట మొదలవకముందు చూసుకోవాల్సినవి ఎక్కువేమీ లేవు. ఫోను బోర్లా పెట్టడం కాదు, గదిలోంచి తీసెయ్యాలి. ఎదురెదురుగా కన్నా కొంచెం పక్కకి తిరిగి కూర్చుంటే, లేదా పక్కపక్కన నడుస్తుంటే, బరువైన మాటలు సులువుగా వస్తాయి. ఆకలి మీద, నిద్ర ముంచుకొస్తున్న వేళ, పదిహేను నిమిషాల్లో బయల్దేరాల్సి ఉన్నప్పుడు మొదలుపెట్టకండి. "ఇప్పుడు పది నిమిషాలే ఉన్నాయి, ఇది పది నిమిషాల్లో అయ్యే మాట కాదు. ఎనిమిదింటికి కూర్చుందామా?" అని అడగడం తప్పించుకోవడం కాదు. ఎనిమిదింటికి మీరు కూర్చోకపోతే మాత్రం తప్పించుకోవడమే. ఇంకో ప్రశ్న కూడా ముందే పనికొస్తుంది: "నేను వింటే చాలా, ఏదన్నా ఆలోచన చెప్పమంటావా?" కోపం మీదున్న మనిషిని మాత్రం ఇది అడగకండి, ఆఫీసు ఫారం నింపమన్నట్టుంటుంది.

మొదటి రెండు నిమిషాలు నోరు మెదపకండి. 1984లో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు డాక్టర్లూ రోగులూ మాట్లాడుకునేవి రికార్డు చేసి చూస్తే, రోగి చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు అడ్డు తగులుతున్నాడని తేలింది. ఆపకపోతే గంటలు చెబుతారన్నది డాక్టర్ల భయం. 2002లో స్విట్జర్లాండులో ఒక ఆస్పత్రిలో డాక్టర్లకు అడ్డుపడొద్దని చెప్పి కొలిస్తే, రోగులు సగటున 92 సెకన్లలో తమంతట తామే ముగించారు. నూటికి 78 మంది రెండు నిమిషాల్లోపే ఆపేశారు. ఇంటి గొడవ డాక్టరు గదిలో మాటంత పొందిగ్గా ఉండదు, ఇంకొంచెం సాగొచ్చు. కానీ ఆ భయం మాత్రం ఇక్కడా అంతే బూటకం. అడ్డు తగలడమంటే ఎదురు చెప్పడమొక్కటే అనుకోకండి. "ఎప్పుడు? ఏ ఆస్పత్రి?" అని మంచి మనసుతో అడిగే ప్రశ్న కూడా మాట దారి మళ్ళిస్తుంది. తమ్ముడు చెప్పాలనుకున్నది ఆస్పత్రి పేరు కాదు కదా.

ఈ రెండు నిమిషాల్లో మీకున్న పనిముట్టు ఊ కొట్టడం ఒక్కటే. దానికీ ఓ పద్ధతుంది. "ఊఁ ఊఁ ఊఁ" అని గబగబా కొడితే "త్వరగా కానివ్వు" అని అర్థం. వాక్యం ఆగినచోట నిదానంగా ఒక్క "ఊఁ" చాలు. ఒప్పుకోని విషయానికి "అవును, అవును" అనకండి. వింటున్నానని చెప్పడానికే మీరు అని ఉంటారు. మర్నాడు "నిన్న నువ్వే అవునన్నావుగా" అని వస్తుంది, అప్పుడు రెండో గొడవ.

తర్వాతిది అసలు పని. మీకు చేరిన అర్థాన్ని వాళ్ళకు మీ మాటల్లో చూపించడం. 1957లో కార్ల్ రోజర్స్, రిచర్డ్ ఫార్సన్ అనే మనస్తత్వవేత్తలు ఈ పద్ధతికి "యాక్టివ్ లిజనింగ్" అని పేరు పెట్టి ప్రచారంలోకి తెచ్చినప్పటి నుంచి దీన్ని ఎక్కడ చూసినా నేర్పుతున్నారు, సగం చోట్ల తప్పుగా నేర్పుతున్నారు. చిలకలా తిరిగి పలకమంటారు. "అమ్మని చూసుకునేది నువ్వొక్కడివే అంటున్నావు" అని అక్క అంటే తమ్ముడికి ఒళ్ళు మండుతుంది, ఎగతాళిలా వినబడుతుంది. రోజర్స్‌కే ఈ పోకడ నచ్చలేదు. తాను చేసేది భావాన్ని అద్దంలో చూపించడం కాదనీ, తనకు అర్థమైంది సరైనదో కాదో సరిచూసుకోవడమనీ తర్వాతి కాలంలో స్పష్టం చేశారు. ఆ తేడా పట్టుకుంటే పద్ధతి మొత్తం దొరికినట్టే.

ఎలా అనాలి? అక్క అనగలిగినది ఒకటి: "పగలూ రాత్రీ మొత్తం నీ మీదే పడింది. దానికంటే, నాకు అది కనపడను కూడా కనపడట్లేదన్నది నిన్ను ఎక్కువ బాధపెడుతున్నట్టుంది."

ఇందులో ఏమేం ఉన్నాయో చూడండి. జరిగింది ఒక ముక్క, అనిపించింది ఒక ముక్క. సమర్థన లేదు, సలహా లేదు. ఆయన నాలుగు వాక్యాలు చెబితే ఈవిడ రెండే చెప్పింది. మీ మాట వాళ్ళ మాట కన్నా పొడవైతే అది ఉపన్యాసం కింద లెక్క. ఇక చివర్లో "-ట్టుంది" చూడండి. తెలుగు ఇచ్చిన మంచి సదుపాయం ఇది. "బాధపడుతున్నావు" అంటే తీర్పు చెప్పినట్టు ఉంటుంది. "బాధపడుతున్నావా?" అని దీర్ఘం తీస్తే విచారణలా ఉంటుంది, అవుననో కాదనో తేల్చి చెప్పాల్సి వస్తుంది. "బాధపడుతున్నట్టుంది" దగ్గర సరిదిద్దడానికి తలుపు తెరిచి ఉంటుంది. వాక్యం చివర గొంతు పైకి లేపకుండా కిందికి దించండి. తెలిసో తెలియకో గొంతు లేస్తే అదే మాట నిలదీసినట్టు తయారవుతుంది.

గురి తప్పినా నష్టం లేదు. "బాధ కాదక్కా, భయం. నాకేమన్నా అయితే అమ్మని ఎవరు చూస్తారని" అని తమ్ముడు సరిదిద్దితే, అప్పటిదాకా ఎవరికీ చెప్పని మాట బయటికొచ్చింది. కొత్తవాళ్ళు తప్పు ఊహిస్తామేమోనని భయపడి అసలు ఊహించడమే మానేస్తారు, అది ఎక్కువ నష్టం. తీవ్రత విషయంలో మాత్రం ఓ జాగ్రత్త ఉంది. ఉన్నదానికన్నా కాస్త తగ్గించి చెబితే వాళ్ళు "కాస్త కాదు, చాలా" అని ముందుకు సాగుతారు. పెంచి చెబితే "అంతేం లేదులే" అని వెనక్కి పోతారు. అలాగని మండిపోతున్న మనిషితో "కొంచెం చిరాగ్గా ఉన్నట్టుంది" అనకండి, దెబ్బ మీద కారం చల్లినట్టే.

భావానికి పేరు పెట్టడం ఎందుకు పనిచేస్తుందన్నదానికి కొంత ఆధారం ఉంది. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం, కోపం, భయం లాంటివి కనబడే ముఖాల ఫొటోలు చూపించి మెదడు స్కాన్ తీసింది. ఆ భావానికి మాటల్లో పేరు పెట్టినప్పుడు భయం లాంటి ఉద్వేగాలకు స్పందించే అమిగ్డలా అనే భాగంలో చలనం తగ్గింది. ప్రయోగశాలలో ఫొటోలతో చేసిన పరీక్షే అది, ఇంటి గొడవకు అచ్చంగా అతకదు. ఆచరణలో మాత్రం సరైన పేరు తగిలినప్పుడు భుజాలు దిగడం, గొంతు తగ్గడం ఎదురుగా కనిపిస్తుంది.

తగిలిందా లేదా అన్నది వాళ్ళ మొదటి మాటలో తెలుస్తుంది. "అదే!" అన్నారంటే తగిలింది. "అదే కదా నేను మొత్తుకునేది" అన్నారంటే విసురు ఉన్నా తగిలినట్టే. ఆ వెంటనే ఇంకో విషయం చెప్పడం మొదలుపెడితే పూర్తిగా తగిలినట్టు. "ఆఁ, అంతే" అని ఆగిపోతే సగం. "సర్లే", "ఏం లేదులే", "పోనీలే" లాంటి "లే" చివర్లు వినబడితే మీరు తప్పిపోయారు, వాళ్ళు మీ మీద ఆశ వదులుకుంటున్నారు. "ఏం లేదులే" అన్నదాన్ని ఏమీ లేదని తీసుకునేవాళ్ళే ఎక్కువ. అక్కడ చెయ్యాల్సింది ఒకటే: "నేను సరిగా పట్టుకోలేదు. మళ్ళీ ఓసారి చెప్పు" అని ఆగడం. బతిమాలొద్దు, ఒక్కసారే అనండి, ఆగండి.

ఇక మంచి ఉద్దేశంతో అని మాట చెడగొట్టేవి. మొదటిది "అర్థమైంది". విన్నవాళ్ళకు అది ముగింపులా వినబడుతుంది, "ఇక చాలు" అన్నట్టు. నిజంగా అర్థమైతే అర్థమైందేమిటో చెప్పండి, ఆ మాట మీరు అనక్కర్లేదు. రెండోది "నాకూ అంతే". "నేను కూడా ఇక్కడ ఉద్యోగం, పిల్లలు, ఊపిరాడట్లేదు" అని అక్క అందుకుంటే మాట మొత్తం ఆవిడ వైపు తిరిగిపోయింది. చార్లెస్ డెర్బర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1979లో ఈ రెండు రకాల స్పందనల తేడాను వివరంగా రాశారు: ఒకటి మాటను చెప్పేవాళ్ళ దగ్గరే ఉంచుతుంది, ఇంకోటి మన వైపు లాగుతుంది. లాగినట్టు లాగేవాళ్ళకు తెలియదు, సానుభూతి చూపిస్తున్నామనే అనుకుంటారు. మూడోది తొందర ఓదార్పు, "ఏం కాదులే, అన్నీ సర్దుకుంటాయి". ఇది ఎక్కువసార్లు చెప్పేవాళ్ళ బాధ చూడలేక మనల్ని మనం ఓదార్చుకోవడమే.

నాలుగోది "అంటే". దీని సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. "అంటే, నేను కూతుర్నే కాదంటావు!" లేదా "అంటే నాకు అమ్మ మీద ప్రేమ లేదనేగా?" ఎదుటివాళ్ళు అనని మాటను వాళ్ళ నోట్లో పెట్టి, దానికి మనం బాధపడడం. తెలుగు గొడవల్లో సగం ఈ ఒక్క మాట దగ్గర దారి తప్పుతాయంటే అతిశయోక్తి కాదు. తమ్ముడు ఇప్పుడు తన కష్టం వదిలేసి, అక్కకు ప్రేమ ఉందని తనే సర్టిఫికెట్ ఇవ్వాలి. నోటికి "అంటే" వచ్చినప్పుడు అక్కడే ఆగి, తర్వాత వచ్చేది వాళ్ళన్న మాటా, మీరు కల్పించినదా అని చూసుకోండి. "అంటే, రాత్రిళ్ళు ఎన్నిసార్లు లేవాల్సి వస్తోంది?" అన్నప్పుడు అదే మాట చక్కగా పనిచేస్తుంది.

ప్రశ్నలు తక్కువ ఉండాలి. మద్యం మానిపించే కౌన్సెలింగుతో మొదలై ఇప్పుడు చాలా చోట్ల వాడుతున్న పద్ధతి ఒకటుంది, విలియం మిల్లర్ 1983లో దాని గురించి మొదట రాశారు. అందులో శిక్షణ పొందేవాళ్ళను కొలిచేటప్పుడు ఒక ప్రశ్నకు రెండు సార్లు తిరిగి చెప్పడం ఉంటే మంచి స్థాయి అంటారు. మామూలుగా మనం చేసేది దీనికి తలకిందులు. ప్రశ్న మీద ప్రశ్న వేస్తే సంభాషణ పోలీసు విచారణ అవుతుంది. "ఎందుకు" అన్న మాట ముఖ్యంగా తగ్గించండి. "ఎందుకు చెప్పలేదు నాకు?" అనగానే ఎవరైనా సంజాయిషీ ఇస్తారు, విషయం చెప్పరు. "చెప్పడానికి ఏం అడ్డొచ్చింది?" అంటే అదే సమాచారం గొడవ లేకుండా వస్తుంది.

ప్రశ్న వేశాక ఆగాలి. మేరీ బడ్ రో 1970లలో తరగతి గదుల్లో గమనించింది: టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను ఆగుతున్నారు. మూడు సెకన్లకు పైగా ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, తమంతట తాము మాట్లాడడం పెరిగింది. బరువైన మాటల్లో మూడు సెకన్లు చాలవు, ఆరేడు దాకా ఆగండి. లోపల అంకెలు లెక్కపెట్టుకోండి. ఏడుపు వచ్చినా ఇదే పద్ధతి. గభాల్న నీళ్ళు, రుమాలు అందించి వీపు తట్టడం కొన్నిసార్లు "ఇక ఏడవకు" అన్న ఆజ్ఞలా చేరుతుంది. దగ్గరగా జరిగి, ఏమీ అనకుండా ఉండి, వాళ్ళు తలెత్తినప్పుడు అందించండి.

చివర్లో వాళ్ళు ఇంకేదైనా దాచుకున్నారేమో చూడాలి. జాన్ హెరిటేజ్ బృందం 2007లో డాక్టర్లు రోగులను అడిగే ప్రశ్నలో ఇంగ్లీషులో ఒక చిన్న మాట మార్చి చూసింది. "ఇంకేమైనా ఉందా" అన్న ధోరణిలో అడిగితే రోగులు లేదనేస్తున్నారు. ఉంటుందన్న నమ్మకం ధ్వనించే మాటతో అడిగినప్పుడు, చెప్పకుండా మిగిలిపోయిన సమస్యలు 78 శాతం దాకా తగ్గాయి. తెలుగులో "ఇంకేమైనా ఉందా?" అన్నది కూడా లేదనిపించుకోవడానికే అడిగినట్టుంటుంది. "ఇంకా ఏమున్నాయో అవి కూడా చెప్పు" అనండి.

"వాళ్ళ స్థానంలో ఉండి ఆలోచించు" అనే సలహా మీద ఎక్కువ ఆధారపడొద్దు. తాల్ ఎయాల్, మేరీ స్టెఫెల్, నికొలస్ ఎప్లీ 2018లో 25 ప్రయోగాలు చేసి చూస్తే, అలా ఊహించుకున్నంత మాత్రాన ఎదుటివాళ్ళ మనసు తెలియడం ఏమీ మెరుగవలేదు. అడిగి తెలుసుకున్నప్పుడే మెరుగైంది. దగ్గరివాళ్ళతో ఇది ఇంకా అవసరం. ముప్ఫయ్యేళ్ళ కాపురమైతే "తను ఏమంటుందో నాకు తెలియదా" అనే ధీమాలో అడగడమే మానేస్తాం.

ఆరోపణ మీ మీదే అయినప్పుడు పైన చెప్పినవన్నీ పది రెట్లు కష్టమవుతాయి. మీ ప్రశ్న అసలు ఇదే కాబట్టి ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను. దంపతుల గొడవలను ప్రయోగశాలలో దశాబ్దాల పాటు గమనించిన జాన్ గాట్‌మన్, గుండె వేగం నిమిషానికి సుమారు 100 దాటాక మనిషి వినే స్థితిలో ఉండడని చెప్పారు. మాటలు చెవిన పడతాయి, కొత్త సమాచారం లోపలికి పోదు. మణికట్టు దగ్గర నాడి పట్టుకుని 15 సెకన్లు లెక్కపెట్టండి, 25 దాటితే మీరు ఆ గీత దాటారు. నాడి చూసుకునే వీలు లేకపోతే గుర్తులివి: చెవులు వేడెక్కడం, దవడ బిగుసుకోవడం, వాళ్ళ వాక్యం మధ్యలో "కాదు కాదు" అనబోవడం, ఒకే మాట మూడోసారి చెప్పడం.

అప్పుడు ఆపాలి, కనీసం ఇరవై నిమిషాలు. "తర్వాత మాట్లాడదాం" అని లేచిపోతే అది తలుపు మూసెయ్యడం. ఇలా అనండి: "నాకు కోపం ఎక్కువైంది, ఇప్పుడు సరిగా వినలేను. నువ్వు చెప్పేది నాకు కావాలి. అరగంటలో వస్తాను." కారణం, ఉద్దేశం, టైము, ఆ మూడూ ఉండాలి. అరగంటకు తిరిగి మాట ఎత్తాల్సింది ఆపమన్నవాళ్ళే. ఆ అరగంట గదిలో కూర్చుని వాదనలు పదును పెట్టుకుంటే గుండె వేగం దిగదు. నడవండి, బట్టలు మడతపెట్టండి, ఊపిరి వదలడం పీల్చడం కన్నా నిదానంగా ఉండేలా చూసుకోండి.

ఆరోపణలో తప్పులుంటాయి, తప్పకుండా ఉంటాయి. "ఏనాడైనా", "ఎప్పుడూ", "ఒక్కసారి కూడా" లాంటివి లెక్కలు కావు, ఎంత నొప్పిగా ఉందో చెప్పే కొలతలు. "పోయిన నెలలో మూడుసార్లు వచ్చాను" అని అక్క అంటే అది నిజమే అయినా ఇప్పుడు దానివల్ల ఒరిగేదేం లేదు. గొడవ ఇక మూడుసార్లా రెండుసార్లా అన్నదాని మీదికి పోతుంది. సరిదిద్దాల్సినవి ఒక కాగితం మీద ఒక్కో మాటగా రాసుకోండి, "మరిచిపోకుండా రాసుకుంటున్నా" అని చెప్పి మరీ. రాశాక మెదడు దాన్ని పట్టుకుని వేలాడడం మానేస్తుంది. గంట తర్వాత చూస్తే అందులో సగం చెప్పాల్సిన అవసరమే ఉండదు.

ఆ తర్వాత వాళ్ళన్నదాంట్లో నిజమైన భాగం వెతకండి, పదోవంతే అయినా సరే. అది ముందు ఒప్పుకోండి, షరతు లేకుండా. "ఫోన్ చేసి రెండు నిమిషాల్లో పెట్టేస్తున్నాను, అది నిజం." వెంటనే "కానీ" తగిలిస్తే ముందన్నదంతా చెరిగిపోతుంది. సారీ కూడా తొందరగా చెప్పకండి. వాళ్ళ నోట "అదే" రాకముందు చెప్పిన సారీ నోరు మూయించడానికి చెప్పినట్టుంటుంది. "సారీ అన్నాగా, ఇంకేం చెయ్యమంటావు?" దాకా వెళ్ళిన ప్రతి గొడవలోనూ సారీ ముందొచ్చేసి ఉంటుంది.

వినడమంటే ఒప్పుకోవడమా అన్న అనుమానం మీకు వచ్చే ఉంటుంది. కాదు, ఆ మాట పైకే చెప్పొచ్చు: "నువ్వన్నవాటిలో అన్నిటికీ నేను ఒప్పుకోను, అది తర్వాత చెప్తాను. ముందు నీ మాట నాకు సరిగా చేరిందా లేదా చూసుకోనీ." ఇలా అన్నాక మీ వంతు వస్తుంది. దాన్ని అడిగి తీసుకోండి: "నా వైపు నుంచి ఒక విషయం చెప్పనా?" సరే అంటే నిజంగా ఒక్కటే చెప్పండి, నిమిషంలో ముగించండి. పేరుకుపోయినవన్నీ ఒకేసారి కుమ్మరిస్తే ఇప్పటిదాకా విన్నది కూడా నటన అనిపిస్తుంది.

పెద్దవాళ్ళతో, పై అధికారితో కొంచెం మార్పు కావాలి. చిన్నవాళ్ళు "మీకు కోపంగా ఉన్నట్టుంది" అంటే మందలించినట్టు వినబడొచ్చు. అక్కడ భావం వదిలేసి విషయం పట్టుకోండి: "ఈ నిర్ణయం మీతో ఒక మాట చెప్పకుండా తీసుకున్నామన్నది మీకు కష్టం కలిగించింది. నేను సరిగా అర్థం చేసుకున్నానా, చెప్పండి." మీరే పై స్థానంలో ఉంటే ఇబ్బంది వేరు. "సరిగ్గానే చెప్పానా?" అని అడిగితే కింది ఉద్యోగి అవుననే అంటాడు, కాదనే ధైర్యం ఎవరికుంటుంది? "నేను చెప్పినదాంట్లో ఏం వదిలేశాను?" అని అడగండి. వదిలేసింది ఉందని మీరే ఒప్పుకున్నారు కాబట్టి చెప్పడం తేలికవుతుంది.

ఫోన్లో బరువైన మాటలు మాట్లాడకూడదన్న అభిప్రాయం ఉంది, అంత నిజం కాదు. మైకేల్ క్రాస్ 2017లో చేసిన ప్రయోగాల్లో ముఖం చూస్తూ విన్నవాళ్ళ కన్నా గొంతు మాత్రమే విన్నవాళ్ళు భావాన్ని మెరుగ్గా పట్టుకున్నారు. కాకపోతే ఫోన్లో మౌనం అవతలివాళ్ళకు కనపడదు, "ఉన్నాను, వింటున్నాను" అని అప్పుడప్పుడు అనాలి. మెసేజీల్లో మాత్రం ఈ పని పెట్టుకోకండి. మూడో మెసేజ్ వేడెక్కిందంటే ఫోన్ చెయ్యండి.

సాధన గొడవల మీద చెయ్యకండి, ఈత నేర్చుకోవడానికి వరదలో దూకినట్టవుతుంది. మొదటి వారం రోజుకో మామూలు సంభాషణ ఎంచుకుని, ప్రతి జవాబుకు ముందు రెండు సెకన్లు ఆగడం ఒక్కటే చెయ్యండి. రెండో వారం రోజుకు మూడుసార్లు, "-ట్టుంది" వాక్యం ఒకటి చెప్పి ఏం జవాబు వచ్చిందో రాత్రి రాసుకోండి. "అదే" ఎన్ని, "సర్లే" ఎన్ని. మొదట్లో మూడింటికి ఒక "అదే" వచ్చినా బాగానే ఉన్నట్టు. మూడో వారం ఇంట్లో ఒకరితో ఒప్పందం చేసుకుని వారానికి రెండుసార్లు పది నిమిషాల చొప్పున కూర్చోండి: ఐదు నిమిషాలు ఒకరు చెప్పడం, రెండోవాళ్ళు తిరిగి చెప్పడం మాత్రమే, తర్వాత తలకిందులు. మీ ఇద్దరి మధ్య గొడవలున్న విషయం తేవొద్దు. ఇద్దరూ ఒప్పుకుంటే రికార్డు చేసి వినండి. మీరెన్నిసార్లు అడ్డుపడ్డారో వింటే కానీ నమ్మరు. నాలుగో వారం నుంచి చిన్నపాటి విసుగులున్న మాటలు. పెద్ద గొడవకు ఈ నైపుణ్యం చేరడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు, మధ్యలో పాత అలవాటు మీద పడుతూనే ఉంటుంది.

వినకూడని చోట్లు కూడా ఉన్నాయి. తిట్లు, బెదిరింపులు, చెయ్యెత్తడం ఉన్నచోట ఈ పద్ధతులేవీ వాడకండి. అక్కడ చెయ్యాల్సింది బయటికి రావడం, సాయం పిలవడం. ఎవరైనా బతకాలని లేదన్నట్టు మాట్లాడితే చుట్టూ తిప్పకుండా "చనిపోవాలన్న ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడగండి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టరుకో, హెల్ప్‌లైనుకో అందించండి. అది రహస్యంగా ఉంచుతానని మాటివ్వకండి.

ఇక మాట ముగిశాక. చాలామంది ఇక్కడ ఊపిరి పీల్చుకుని వదిలేస్తారు. ఒకటి రెండు రోజుల్లో మీరే ఆ విషయం ఎత్తండి, వాళ్ళన్న చిన్న వివరం ఒకటి పట్టుకుని. అక్క అయితే ఫోన్ చేసి, అమ్మ ఎలా ఉందని అడిగేముందు, "రాత్రి ఎన్నిసార్లు లేచావురా?" అని అడగాలి.